సడికట్టు

వ్యాను దిగీ దిగగానే హైమవతి ఒక అబద్ధం ఆడేసింది.

ఆ వ్యాను శ్రీకాకుళం నుంచి పదిహేనుమంది వాలంటీర్లను తెచ్చి తెడ్డుపాలెం మొదట్లోనే ఆగిపోయింది. అక్కణ్ణుంచి రోడ్డు మీద మోకాలెత్తు ఇసక మేట వేసి ఉంది. జిలానీ అనే ఆయన అందరి పేర్లూ రాసుకుంటున్నాడు. టౌన్లో ఆయనకు మెకానిక్ షెడ్డుంది. తుఫాను వెళ్ళిన మర్నాడే షట్టర్ దించేసి, తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ పోగేసుకుని, మునిగిన ఇళ్ళలో బురద ఎత్తిపోయడానికి ఊరూరా తిరుగుతున్నాడు.

"మేడం, మీరేం చేస్తుంటారు?"

"బ్యాంకులో పని."

"బాగుంది. ఇక్కడ మాత్రం ఏసీ ఉండదండోయ్," అని నవ్వి ఒక పార, ఒక జత గ్లౌజులు చేతికిచ్చాడు.

బ్యాంకూ లేదు, పాడూ లేదు. హైమవతి విశాఖపట్నంలో ఒక సముద్ర పరిశోధన కేంద్రంలో పెద్ద శాస్త్రవేత్త. ఆరు రోజుల కిందట ఈ తెడ్డుపాలెం మీదికి తుఫానును పంపిన మనిషి ఆవిడే.

పంపడం అనే మాట ఆ కేంద్రంలో ఎవరి నోటా రాదు. మళ్ళించడం అంటారు. పదకొండేళ్ళుగా ఆ మాటే వాడి వాడి, మళ్ళించినది ఎక్కడో ఒకచోటికి వెళ్ళి తీరుతుందన్న సంగతి వాళ్ళు దాదాపు మరిచిపోయారు. హైమవతికి ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఏం లాభం? పదమూడు మంది పోయాక గుర్తొచ్చింది.

భర్త ఫణికి స్నేహితురాలి ఇంటికి వెళ్తున్నానని చెప్పింది. ఆఫీసులో ఒంట్లో బాలేదని చెప్పింది. ఆ వారంలో ఆమె ఎవరికీ నిజం చెప్పలేదు.

మునిగిన ఇల్లు బాగు చేయడానికీ ఒక వరస ఉంది. ముందు సామానంతా బయటికి తేవాలి. బురద తడిగా ఉండగానే ఎత్తేయాలి, ఎండిందంటే గచ్చుకు పట్టేసి గునపానికి కూడా లొంగదు. లోపలి మూల నుంచి గుమ్మం వైపుకు లాక్కుంటూ రావాలి. గూళ్ళలో, మూలల్లో చెయ్యి పెట్టకూడదు, పాములుంటాయి. గోడలు పైనుంచి కిందికి కడగాలి, ఆఖర్న బ్లీచింగ్ చల్లాలి. ఇదంతా జిలానీ రెండు నిమిషాల్లో చెప్పేసి తట్ట నెత్తినెత్తుకున్నాడు.

హైమవతికి పార పట్టడం రాదు. సన్నసన్నగా గీకుతోంది.

"మేడం, అది పారండీ, గరిటె కాదు! బురదకు పోపు పెడుతున్నారేంటి?"

అందరూ నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది. నవ్విన మరుక్షణం, ఈ ఊళ్ళో నిలబడి నవ్వడానికి నీకు సిగ్గు లేదా అని తనను తాను తిట్టుకుంది. ఆ తర్వాత నడుం విరిగేలా పని చేసింది. అరచేతులు బొబ్బలెక్కి గ్లౌజుల్లోనే చితికిపోయాయి. ఆ మంట ఆమెకు బాగానే ఉంది. నొప్పెడుతున్నంతసేపూ ఏదో తీరుస్తున్నట్టే అనిపించింది, అది ఒట్టి భ్రమే అయినా.

పది గంటలకల్లా మూడిళ్ళయ్యాయి. నాలుగోది ఆ వరసలో చివరిల్లు. రెండు గదుల స్లాబు ఇల్లు, మేడ మీదికి బయటి నుంచి మెట్లున్నాయి. సామాను లోపలే ఉంది, గుమ్మం దాకా బురద కదలకుండా ఉంది. హైమవతి అటు అడుగేసేసరికి వెనక నుంచి ఒకావిడ కేకేసింది.

"ఓలమ్మా, ఆ కొంపకి ఎల్లకండి!"

"ఎందుకండీ?"

"ఎల్లకండంతే. ముందు మిగిలినోల్లయి సూడండి."

జిలానీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఊరి గొడవ మేడం. ఆ ముసలావిడ మూలానే ఇంతమంది పోయారని ఊరంతా ఆవిణ్ణి వెలేసినంత పని చేశారు. మనమెందుకు మధ్యలో? ఆఖర్న చూద్దాం."

"అప్పటికి బురద ఎండిపోతుంది కదా," అంటూ హైమవతి పార తీసుకుని నడిచింది.

అరుగు మీద అరవై దాటిన మనిషి కూర్చుని ఉంది. పేరు పోలమ్మ. తలెత్తి చూసి, "దారి తప్పినావేటి తల్లీ?" అంది.

"లేదు పెద్దమ్మా. మీ ఇల్లు బాగు చేద్దామని వచ్చాను."

"నా ఇంటికా?" పోలమ్మ నమ్మలేనట్టు చూసింది. "మరి ఊరోల్లు నీకేటీ సెప్పనేదా?"

హైమవతి గోచీ పోసినట్టు చీర బిగించి లోపలికి దిగింది.

* * *

ఆరు రోజుల కిందట పొద్దున్న ఆరున్నరకు కేంద్రంలో ఎవరూ కూర్చుని లేరు. తుఫాను సాయంత్రానికి విశాఖ మీదికి వస్తుంది. ఇరవై లక్షల మంది ఉన్న నగరం. హైమవతి ఇల్లు కూడా అక్కడే, బీచికి రెండు వీధుల అవతల.

సముద్రంలో ఆరు వందల పీపాలు వరసగా తేలుతున్నాయి. ఒక్కొక్క దాని అడుగున పది తాటిచెట్లంత పొడుగు గొట్టం. మీట నొక్కితే లోతులో ఉన్న చల్లనీళ్ళు పైకి తన్నుకొస్తాయి. తుఫానుకు తిండి వేడినీళ్ళు. ముందున్న నీళ్ళు చల్లబడితే అది ఆకలేసిన ఆవు గడ్డి కోసం తిరిగినట్టు వేడి ఉన్న వైపుకు ఒరుగుతుంది. దానికి చలిగట్టు అని పేరు పెట్టింది హైమవతే. చిన్న చిన్న వాయుగుండాల మీద మూడుసార్లు పనిచేసింది. అసలు తుఫాను మీద ఎప్పుడూ వాడలేదు.

వాడటానికి ఒక షరతుంది. అదీ ఆమె రాసిందే. తుఫాను ఒరిగి వెళ్ళే తీరంలో మనుషులు ఉండకూడదు. ఉన్నారో లేదో కంప్యూటరు లెక్క కడుతుంది. ఎన్ని ఫోన్లు పలుకుతున్నాయి, ఎంత కరెంటు కాలుతోంది, ఈ రెండూ చూసి తీరాన్ని ముక్కలుగా విడగొట్టి రంగులేస్తుంది, మనుషులుంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. ఆ పొద్దున్న ఉత్తరాన ఒక్క ముక్క తప్ప అన్నీ ఎర్రగా వచ్చాయి. ఏడు కిలోమీటర్ల పొడుగున సరుగుడు తోటలు, ఇసక, ఉప్పు మళ్ళు. ఆ ఒక్కటీ ఆకుపచ్చ.

కిరీటి అనే కుర్ర శాస్త్రవేత్త తెర దగ్గరికి వంగి చూశాడు.

"మేడం, ఇక్కడ ఊరుందండి. తెడ్డుపాలెం. మొన్నటిదాకా వెయ్యి ఫోన్లు చూపించింది. ఇప్పుడు సున్నా."

"ముందు జాగ్రత్తగా పంపించేసి ఉంటారు."

"తుఫాను ఇటే వస్తుందని చెబుతుంటే వాళ్ళను ఎందుకు పంపిస్తారు మేడం? పోనీ పంపించేసినా సున్నా రాదు కదండీ. ఎవడో ఒకడు ఫోను మరిచిపోతాడు. ఏదో ఒక ఇంట్లో ఫ్రిజ్ నడుస్తుంది. మీరేగా మాకు చెప్పారు, సున్నా కనిపిస్తే అనుమానించమని."

నిజమే, చెప్పింది. చేరిన ప్రతివాడికీ మొదటి రోజే చెబుతుంది.

"తహసీల్దార్ ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయనా మేడం? ఎవరినైనా బండి మీద పంపి చూడమందాం. గంటలో తెలిసిపోతుంది."

గడువు ఎనిమిదీ నలభై. అప్పటికి ఇంకా రెండు గంటల పది నిమిషాలుంది. హైమవతి గడియారం చూసింది, గోడ మీద పెద్ద తెర చూసింది, తనవైపే చూస్తున్న డైరెక్టర్ చక్రధర్ గారి మొహం చూసింది.

"టైం లేదు కిరీటీ," అంది.

మీట నొక్కారు. తుఫాను ఒరిగింది. హాల్లో అందరూ ఎగిరి గంతేశారు, కిరీటి తప్ప. చక్రధర్ గారు ఏడ్చేశారు. ఆమెకు ఆ క్షణంలో పట్టలేనంత సంతోషం కలిగింది. ఇప్పుడు తలచుకుంటే ఆ సంతోషాన్నే తాను ఎన్నటికీ క్షమించుకోలేననిపిస్తుంది.

మూడోనాడు అపార్ట్‌మెంటువాళ్ళు కింద పార్కింగులో కుర్చీలు వేసి ఆమెకు శాలువా కప్పారు. "మన హైమవతిగారు తుఫానును చెవి పట్టుకుని పక్కకు తోసేశారు!" అని ప్రెసిడెంటుగారు మైకులో అంటే చప్పట్లు మోగిపోయాయి. ఫణి వీడియో తీశాడు. పైకి వచ్చాక టీవీ పెడితే తెర అడుగున అక్షరాలు పరుగెడుతున్నాయి. తెడ్డుపాలెంలో పదమూడుకు చేరిన మృతులు. శాలువా ఇంకా ఆమె భుజం మీదే ఉంది.

"నీ తప్పేముంది హైమా? ఇరవై లక్షల మందిని కాపాడావు," అన్నాడు ఫణి. ఆయన మంచివాడు. ఆ ఫోన్ సంగతి ఆయనకు తెలియదు.

* * *

"ఆ మూల పైలంగా సూడు తల్లీ, పాము ఉంటాది," అంది పోలమ్మ గుమ్మంలోంచి.

ఇద్దరూ కలిసి మంచం బయటికి లాగారు. బీరువా పడిపోయి ఉంది. వంట గిన్నెలు, తడిసి ఉబ్బిన దిండ్లు, బియ్యం డబ్బా, ఒక్కొక్కటీ బయటికి చేరాయి. బురదలోంచి చిలకపచ్చ జాకెట్టు ఒకటి పైకొచ్చింది. పోలమ్మ దాన్ని నీళ్ళలో జాడించి, పిండి, తీగ మీద ఆరేసింది.

"నా కోడలిది. బంగారి దాని పేరు. నన్ను మెట్లెక్కించి, మేడ మీద కూకోబెట్టి, పక్కింటి ముసిలాయన్ని తెత్తానని దిగినాది. ఇంక ఎక్కనేదు."

హైమవతి పార ఆపేసింది.

"ఈ ఊరోల్లు నన్ను తిట్టడం నాయమే," అంది పోలమ్మ, అరుగు మీద కూలబడి. "నీకు తెల్దు. మాకు సడికట్టు అని ఉంది. సముద్రం మీదికి ఏటకెల్లినోడు రాకపోతే మూడ్రోజులు ఊళ్ళో సడి ఉండకూడదు. రోట్లో దంచరు, డప్పు కొట్టరు, గట్టిగా మాటాడరు. ఇప్పుడు ఫోన్లు కూడా కట్టేసి అందరియీ ఒక బుట్టలో ఏసి గుడిలో పెడతారు. కరెంటు తీసెత్తారు. తల్లి ఒకర్తే పొద్దున్నా మాపూ ఒడ్డు కాడికెల్లి పేరెట్టి పిలుత్తాది. ఇంకే సడీ లేకపోతే ఆ పిలుపు ఆడికి ఇనబడతాదని."

"మీ అబ్బాయి కోసమా?"

"మా దానయ్య కోసమే. తెప్ప మీద ఒక్కడే ఎల్లినాడు, రానేదు. సడికట్టు ఏసినారు. మూడో రోజు తెల్లారగట్ల కుర్రోల్లొచ్చి, పెద్దమ్మా, గాలి తేడాగా ఉంది, ఒక్క ఫోనైనా తెరుత్తాం అన్నారు. నానే ఒద్దన్నాను. తుఫాను ఇశాపట్నం పోతాదని ముందే సెప్పినారు కదా, ఈ ఒక్క పూటా నా కొడుకుని ఇననియ్యండ్రా అని కాళ్ళు పట్టుకున్నాను. పాపం, ఆల్లు ఆగినారు." పోలమ్మ ముక్కు చీదింది. "ఆడు బతికే ఉన్నాడు తల్లీ! ఒరిస్సా మరబోటోల్లు ఎత్తుకుని గోపాల్‌పూర్‌లో దించినారంట. ఆడి పెళ్ళానికి నలభై సార్లు ఫోన్ సేసినాడంట. ఫోన్లన్నీ బుట్టలో ఉన్నాయి. వొచ్చీసరికి పెళ్ళాం నేదు. తుఫాను షెల్టర్లో ఉంటన్నాడు. నా మొకం సూడ్డం నేదు. నానే కదా ఆడి పెళ్ళాన్ని సంపుకున్నది? ఊరినీ సంపేసినాను."

హైమవతి గోడ పట్టుకుని నిలబడింది. ఇదా సున్నా! తెర మీద తాను చూసిన సున్నా ఈవిడ. కొడుకు వినాలని ఊరంతా గుక్క బిగబట్టి కూర్చుంటే తన యంత్రం అక్కడ ఎవరూ లేరని రాసుకుంది. పోనీ యంత్రానికి తెలియదు. తనకు అనుమానం వచ్చింది కదా? వచ్చిన అనుమానాన్ని నొక్కేసింది కదా?

గోడ తడి అరచేతి బొబ్బలకు తగిలి చురుక్కుమంది. అప్పుడే ఫోన్ మోగింది. పొద్దుటి నుంచి సిగ్నల్ లేనిది, ఇప్పుడే వచ్చింది. చక్రధర్ గారు.

ఆమె ఇంటి వెనక్కి వెళ్ళి ఎత్తింది.

"ఒంట్లో ఎలా ఉందమ్మా? రిపోర్టు పంపాను చూశారా? రేపటికల్లా సంతకం కావాలి. మన లెక్కలో తప్పేం లేదు. వాళ్ళ ఆచారమే వాళ్ళ కొంప ముంచింది. ఫోన్లు కట్టేసుకున్నారు, హెచ్చరికలు అందలేదు. అంతవరకే రాశాం."

"కిరీటి అడిగిన సంగతి?"

"అది రాస్తే చలిగట్టు మూతపడుతుంది హైమవతీ. మీ పదకొండేళ్ళూ పోతాయి. మిమ్మల్ని లోపలేసినా వేస్తారు. ఆలోచించుకోండి," అని పెట్టేశారు.

రిపోర్టు అలాగే వెళితే వచ్చే తుఫానుకూ ఇదే లెక్క వాడతారు. అది ఆమెకు తెలుసు. కానీ ఆ పూట ఆమెను నిలవనీయనిది అది కాదు. తాను చేసిన పాపాన్ని ఈ ముసలిది నెత్తిన పెట్టుకుని కూర్చుంది. రేపు సర్కారు ముద్ర కూడా పడితే ఇంక చచ్చేదాకా దించుకోలేదు.

ఆమె తిరిగి వచ్చి పోలమ్మ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"పెద్దమ్మా, ఇందులో మీ తప్పు లేదు. నేను బ్యాంకు మనిషిని కాను. తుఫాను విశాఖపట్నమే వెళ్ళాలి. దాన్ని ఇటు తిప్పింది మేమే. నేనే. ఇక్కడ ఎవరూ లేరనుకుని తిప్పాను."

పోలమ్మ ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. తర్వాత బురద చేత్తోనే ఆమె చెంప నిమిరింది.

"పిచ్చి తల్లీ. నా ఏడుపు సూళ్ళేక ఎంత కత అల్లినావే! గాలిని మనిసి తిప్పుతాడేటి? నీ కడుపు సల్లగుండ. ఈ ఆరు రోజుల్లో నాతో మంచిగా మాటాడినదానివి నువ్వొక్కర్తివే."

"కథ కాదు పెద్దమ్మా..."

"సర్లే, సర్లే. లేచి కాసిన్ని మంచినీళ్ళు తాగు."

హైమవతి నీళ్ళు తాగింది. ఇక్కడొక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ నీళ్ళు తాగుతున్నప్పుడు ఆమెకు ఎక్కడో హాయిగా అనిపించింది. చెప్పాను కదా, నమ్మకపోతే నేనేం చేయను అని మనసు చల్లగా సర్దుకోబోయింది. ఎంత గడుసుదో మనసు! అది పసిగట్టగానే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. మారు మాట్లాడకుండా మొదటి గది బురదంతా తుడిచిపెట్టేసింది.

* * *

మధ్యాహ్నం తుఫాను షెల్టర్ ముందు భోజనాలు పెట్టారు. ఊరివాళ్ళూ వాలంటీర్లూ కలిపి రెండు వందల మంది వరసల్లో కూర్చున్నారు. పోలమ్మ రానంది. హైమవతి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆవిడ వరస చివర, కాస్త ఎడంగా కూర్చుంది. పక్కనున్న నలుగురూ విస్తళ్ళు తీసుకుని అవతలికి జరిగిపోయారు.

పొద్దున్న కేకేసిన ఆవిడే, పేరు దానమ్మ, అన్నం బేసిన్ పట్టుకుని వస్తూ పోలమ్మ ముందు ఆగింది.

"తిను. నీ కొడుకు ఒడ్డున పడ్డాడు కదా, కడుపు నిండా తిను. నా కూతురు గుంటని తినేసినావు, ఇదో లెక్కేటి?"

పోలమ్మ తల ఇంకా కిందికి వంచుకుంది. షెల్టర్ మెట్ల మీద ముప్పై ఏళ్ళ మనిషి ఒకడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తల్లిని అంటున్న మాటలు వింటూ కదల్లేదు. అతనే దానయ్య అని హైమవతికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆమె లేచి నిలబడింది. భుజానికున్న సంచీలోంచి ఆఫీసు గుర్తింపు కార్డు తీసింది. దానమ్మ చేతికిచ్చింది.

"అందరికీ వినబడేలా చెబుతాను, వినండి. నా పేరు హైమవతి. పెద్దమ్మ మూలాన మీవాళ్ళు పోలేదు. నా మూలాన పోయారు."

జిలానీ ముద్ద ఆపి తలెత్తాడు.

ఆమె చెప్పింది. పీపాలు, చల్లనీళ్ళు, తెర మీద ఆకుపచ్చ ముక్క, అన్నీ చెప్పింది. చదువుకున్న మాటలు వాడకుండా చెప్పింది. ఊళ్ళో ఇంటర్ చదివిన పిల్ల ఒకర్తి కార్డు మీద అక్షరాలు పైకి చదివింది. "నిజమే గావాల, పేపర్లో రాసినారంట, మా మావ సెప్పినాడు," అని ఎవరో గొణిగారు. అన్నం వరసలో గుసగుసలు లేచి అణిగిపోయాయి.

"సడికట్టు వల్లే ఇదంతా జరిగిందని మా ఆఫీసువాళ్ళు ప్రభుత్వానికి రాస్తున్నారు. దాని మీద నేను సంతకం పెట్టను. జరిగింది జరిగినట్టు నేనే రాసిస్తాను. ఎవరడిగినా, ఏ కోర్టులో అడిగినా ఇదే చెబుతాను."

దానయ్య మెట్లు దిగి వచ్చాడు. ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"మేడం, ఒక్కటి సెప్పండి. ఈడ ఊరుందని మీకు తెలుసా?"

"తెలుసు. పటంలో పేరుంది."

"మనుసులున్నారో నేదో కనుక్కోడానికి టైము నేదా?"

ఇక్కడ అబద్ధమాడే వీలుంది. టైం లేదంటే సరిపోతుంది. కిరీటితో అన్న మాటే మళ్ళీ అనొచ్చు. కాదనేవాళ్ళు లేరు.

"ఉంది," అంది హైమవతి. "రెండు గంటల పది నిమిషాలుంది. ఫోన్ చేస్తానని మా కుర్రాడు అడిగాడు. నేనే వద్దన్నాను."

"ఏటికి?"

"ఉన్నారని చెబుతారేమోనని భయమేసింది. ఉన్నారంటే తిప్పకూడదు. నాకేమో తిప్పాలని ఉంది."

దానయ్య వెనక్కి తిరిగి మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాడు. దానమ్మ కార్డు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని, మొహంలోకి చాలాసేపు చూసి వదిలేసింది. కొడతారనుకుంది హైమవతి. కొడితే బాగుండుననుకుంది. ఎవరూ కొట్టలేదు. పోలమ్మ విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, ఒక్కర్తీ ఇంటివైపు నడిచింది.

హైమవతి ఆవిడ వెనకే వెళ్ళింది. రెండో గది ఇంకా అలాగే ఉంది. పార అందుకుని గుమ్మంలో అడుగు పెట్టబోయింది. పోలమ్మ అడ్డంగా నిలబడి పార కర్ర పట్టుకుంది.

"వొద్దు. ఇటియ్యి."

"పెద్దమ్మా, ఒక్క గదే ఉంది. ఇది పూర్తి చేసి వెళ్ళిపోతాను."

"పొద్దున్నే సెప్పినావు, నాను నమ్మనేదు. నమ్ముంటే అప్పుడే పొమ్మందును." పోలమ్మ గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయింది హైమవతి. "ఇది కడిగితే నీకు తేలికౌతాది. నాకు తెలుసు. ఆరు రోజులు నానూ అలాగే ఎవలింట్లోనన్నా సెయ్యెట్టి సాకిరీ సేద్దామని తిరిగినాను. ఎవలూ రానియ్యనేదు. నీకు తేలిక సెయ్యడానికి నా ఇల్లే దొరికినాదేటి?"

హైమవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కర్ర వదిలేసింది.

"మంచినీల్లిచ్చినాను, సెంప నిమిరినాను," అంది పోలమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు. "ఎల్లిపో అమ్మా. ఆ కాయితం మాత్రం సెప్పినట్టు రాసీ. ఈ బురద నాను ఎత్తుకుంటాను."

అంటూనే లోపలికి వంగింది. ఒక పార బురద లాగేసరికే ఆయాసపడింది. హైమవతి వీధిలోనే నిలబడి చూస్తోంది. అడుగుల చప్పుడై పక్కకు తప్పుకుంది. దానయ్య తట్ట పట్టుకుని వచ్చాడు. ఆమె వైపు చూడకుండా లోపలికి వెళ్ళాడు. "అమ్మా, లెగు. నాను లాగుతాను," అన్న మాట వినబడింది. ఆ తర్వాత పోలమ్మ ఏడుపు వినబడింది, ఆరు రోజులుగా ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటపడిన ఏడుపు. దానమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బకెట్లతో వచ్చారు. గుమ్మం ముందు కాస్త తటపటాయించి, చీర కుచ్చిళ్ళు దోపుకుని లోపలికి దిగారు.

హైమవతి వీధి మొదటికి నడిచింది. జిలానీ బ్లీచింగ్ బస్తా విప్పుతున్నాడు. ఆయన చేతిలో ఇళ్ళ జాబితా ఉంది. టిక్కు పడనివి ఇంకా వందకు పైగా ఉన్నాయి. వ్యాను వెళ్ళేది అయిదింటికి.

"జిలానీగారూ, నేను ఇంకే ఇంటికి వెళ్ళమంటారు?"

ఆయన జాబితా చూశాడు. వీధిలో అరుగుల మీద నిలబడి ఇటే చూస్తున్న మనుషులను చూశాడు. కాసేపటికి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీకివ్వడానికి ఇల్లు లేదు మేడం," అన్నాడు.